ఇంటిలో సముద్రం: పగడాల పెంపకంలో మన బాధ్యత

గోదావరి జిల్లాల వారికి నీటితో పరిచయం కొత్త కాదు. కాలువ గట్ల మీద పుట్టి, చేపల చెరువుల నడుమ పెరిగినవారం మనం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం పట్టణాలలో ముందుగదిలో రంగు చేపల గాజుతొట్టె ఉన్న ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి. ఇటీవల ఈ అభిరుచి మంచినీటి చేపల నుండి ఉప్పునీటి ప్రాణుల వైపు మళ్లుతోంది. కువైట్, దుబాయ్, జిద్దా నగరాలలో పనిచేసే మన యువకులు అక్కడి దుకాణాలలో, సంపన్నుల ఇళ్లలో నీలి వెలుగు కింద మెరిసే పగడాల తొట్టెలను చూస్తున్నారు. సెలవుపై వచ్చినప్పుడు అటువంటిది తమ ఇంట్లోనూ ఉండాలని ముచ్చటపడుతున్నారు. "హజ్రత్, పగడాలు పెంచవచ్చా? వచ్చేటప్పుడు ఒక ముక్క వెంట తెచ్చుకోవచ్చా?" అని అడిగినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఏ విషయంలోనైనా తీర్పు చెప్పే ముందు ఆ విషయ స్వరూపం తెలిసి ఉండాలన్నది ఫిఖ్హ్ పండితులు మాకు మొదటే నేర్పిన సూత్రం. కనుక పగడం అంటే ఏమిటి, చట్టం దాని గురించి ఏమంటుంది, అది బ్రతకడానికి ఏమి కావాలి అనే మూడు సంగతులు వరుసగా చూద్దాం.

పగడం అంటే ఏమిటి?

దివ్య ఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరాలో ముత్యాలతో పాటు 'మర్జాన్' ప్రస్తావన ఉంది. ఆ పదానికి చిన్న ముత్యాలని కొందరు వ్యాఖ్యాతలు, ఎర్రని పగడమని మరికొందరు అర్థం చెప్పారు. పగడం అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఉంగరంలోని ఎర్రని రాయి. అది మధ్యధరా వంటి సముద్రాల లోతులలో పెరిగే ఒక ప్రత్యేక జాతి అస్థిపంజరం. గాజుతొట్టెలలో పెంచేవి వేరు. అవి వెచ్చని సముద్రాలలో, వెలుతురు చేరే తక్కువ లోతులలో దిబ్బలు కట్టే జాతులు, వాటి బంధువులు.

పగడం రాయి అని కొందరు, సముద్రపు మొక్క అని మరికొందరు శతాబ్దాల పాటు అనుకున్నారు. 18వ శతాబ్దపు తొలి భాగంలో పెసొన్నెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఉత్తరాఫ్రికా తీరంలో పరిశీలనలు చేసి, పువ్వులుగా కనిపించేవి నిజానికి చిన్న చిన్న జంతువులని చెప్పాడు. ఆయన మాటను ఆనాటి పండితలోకం వెంటనే అంగీకరించలేదు. కాలక్రమంలో అదే నిజమని తేలింది.

మనం ఒక పగడపు కొమ్మగా చూసేది ఒక జీవి కాదు, ఒక ఊరు. దాని మీద వేలాది సూక్ష్మమైన జీవులు పక్కపక్కనే నివసిస్తాయి. ఒక్కొక్కదానికి ఒక నోరు, దాని చుట్టూ మెత్తని చేతులు ఉంటాయి. సముద్రపు నీటి నుండి సున్నాన్ని తీసుకొని తమ పాదాల కింద తామే రాతి ఇల్లు కట్టుకుంటాయి. గుండ్రని బండలా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. అంటే మనిషి తలంత పగడం వెనుక ఎన్నో ఏళ్ల శ్రమ ఉంటుంది.

ఈ జీవుల చర్మం లోపల కంటికి కనిపించని నాచు కణాలు కాపురముంటాయి. ఆ నాచు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగం పగడానికి ఇస్తుంది. పగడం దానికి చోటునూ రక్షణనూ ఇస్తుంది. మనం మెచ్చుకొనే రంగులలో చాలావరకు ఈ సహవాసం వల్ల కలిగినవే. నీరు వేడెక్కినప్పుడు ఈ పొత్తు చెడుతుంది. పగడం తనలోని నాచును బయటకు నెట్టివేసి పాలిపోతుంది. తెల్లబడిన పగడం అప్పుడే చనిపోయినట్లు కాదు. అది ఆకలితో ఉన్నట్లు. కొన్ని వారాలలో పరిస్థితి చక్కబడకపోతే మాత్రం మరణిస్తుంది.

చట్టం ఏమంటుంది?

కొనడానికి ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో పగడాలను చేర్చారు. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే వీటికీ లభించింది. ఐదు వర్గాలు అందులో ఉన్నాయి: దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, నిప్పు పగడాలు, విసనకర్రల వలె ఉండే సీ ఫ్యాన్‌లు. వీటిని సముద్రం నుండి తీయడం, అమ్మడం, కొనడం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. నేరం రుజువైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలుశిక్ష, దానితో పాటు జరిమానా ఉంటుంది. బ్రతికి ఉన్న పగడానికే కాదు, అలంకారానికి పెట్టుకొనే ఎండిన తెల్లని పగడపు ముక్కకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది.

విదేశాల నుండి తేవడమూ సులభం కాదు. గట్టి పగడాల వ్యాపారం 'సైటిస్' అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తుంది. ఎర్రసముద్రపు ఒడ్డున ఏరిన ముక్కను జ్ఞాపకంగా పెట్టెలో పెట్టుకొని వచ్చినా విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఉమ్రా నుండి ఇంటికి తిరిగివచ్చే ప్రయాణం అటువంటి అవమానంతో ముగియడం ఎవరికీ మంచిది కాదు.

రాతి ఇల్లు కట్టని మెత్తని జాతులు కొన్ని ఉన్నాయి. లెదర్ పగడాలు, మష్రూమ్ పగడాలు, జోయాంథిడ్‌లు ఇటువంటివి. ఇవి పైన చెప్పిన ఐదు వర్గాలలో లేవు. అంతమాత్రాన ప్రశ్న ముగిసిపోదు. అది ఎక్కడి నుండి వచ్చింది, దిగుమతికి అనుమతి ఉందా అనే వివరాలు రశీదుతో సహా వర్తకుడు చూపగలగాలి. చూపలేకపోతే కొనకూడదు. సందేహం ఉంటే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండేవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకుంటాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధన ఈ సందర్భానికి చక్కగా సరిపోతుంది.

రొయ్యల రైతుకు తెలిసిన విద్య

సక్రమంగా లభించిన మెత్తని పగడాన్ని పెంచదలచినవారికీ, అనుమతి ఉన్న దేశాలలో తొట్టె నడుపుతున్న మన బంధువులకూ ఈ భాగం ఉపయోగపడుతుంది. పగడాల పెంపకం అంటే ముందుగా నీటి పెంపకం. ఆ విద్యలో సగం మన డెల్టాలోని రొయ్యల రైతులకు ఇదివరకే తెలుసు.

చెరువులో నీరు నింపిన వెంటనే రైతు పిల్లను వదలడు. ఇక్కడా అంతే. వ్యర్థాల నుండి పుట్టే అమ్మోనియా విషం. దానిని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా రాళ్లలోనూ ఇసుకలోనూ స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు ఏ ప్రాణినీ వేయకూడదు. తొట్టెలు చెడిపోవడానికి మొదటి కారణం ఈ ఓపిక లేకపోవడమే.

నీటి మూలం రెండవ విషయం. కోనసీమలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది కనుక అది పనికివస్తుందని అనుకోకూడదు. ఆ ఉప్పదనపు కూర్పు వేరు, సముద్రపు కూర్పు వేరు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కాకినాడ తీరపు నీరు గోదావరి ఒండ్రుతో కలిసినది. కనుక ఆర్.ఓ. యంత్రంలో వడకట్టి, ఆపై డీఐ రెసిన్ గుండా పంపిన నీటిలో పగడాల కోసం తయారయ్యే ప్రత్యేకమైన ఉప్పును కలుపుకోవాలి. వంట ఉప్పు దీనికి పనికిరాదు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. 200 లీటర్ల తొట్టెకు ఇది ఏడు కిలోల లెక్క.

తొట్టెలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. వేసవిలో 200 లీటర్ల తొట్టె నుండి రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే, మూడు రోజులు పట్టించుకోకపోయినా సాలినిటీ 35 నుండి 37 దాటుతుంది. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు లేని శుద్ధమైన నీటినే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. రైతులు వాడే రిఫ్రాక్టోమీటరుతోనే సాలినిటీ చూసుకోవచ్చు. వారానికి పదవ వంతు నీటిని కొత్త ఉప్పునీటితో మార్చడం మంచి అలవాటు.

వన్నామీ రొయ్య కుబుసం విడిచినప్పుడు కొత్త పెంకు గట్టిపడడానికి ఖనిజాలు కావాలని మన రైతులు ఆక్వా ల్యాబులలో కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ పరీక్షలు చేయిస్తారు. పగడాల తొట్టెకూ అవే పరీక్షలు. కాల్షియం 400 నుండి 450 పీపీఎం, మెగ్నీషియం 1,250 నుండి 1,350, ఆల్కలినిటీ ల్యాబు లెక్కలో 125 నుండి 160 మధ్య ఉంటే చాలు. గట్టి పగడాలు వీటిని త్వరగా ఖర్చుచేస్తాయి. మెత్తనివాటికి వారంవారం నీరు మార్చడమే తరచుగా సరిపోతుంది. అంకెలు కొంచెం అటూ ఇటూ ఉన్నా పగడం ఓర్చుకుంటుంది. ఈ రోజు ఒకటి, రేపు మరొకటిగా మారితే మాత్రం ఓర్చుకోదు.

వేడి మన ప్రాంతానికి ఉన్న పెద్ద పరీక్ష. తొట్టెలో నీరు 24 నుండి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో రాజమండ్రి ఎండ 40 డిగ్రీలు దాటుతుందని మనకు తెలిసిందే. నీటిపై ఫ్యాను పెడితే ఆవిరి ద్వారా రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న తీరప్రాంతంలో ఆ మాత్రం చల్లదనమూ దొరకదు. కనుక చిల్లర్ యంత్రమో, ఎల్లవేళలా ఏసీ నడిచే గదో తప్పదు. దాని కరెంటు బిల్లు ప్రతినెలా భరించగలమా అని మొదటే లెక్క వేసుకోవాలి.

వెలుతురు రోజుకు ఎనిమిది నుండి పది గంటలు చాలు. నీలం పాలు ఎక్కువగా ఉన్న ఎల్ఈడీ దీపాలు ఇందుకు దొరుకుతాయి. కిటికీ పక్కన ఎండలో తొట్టె పెడితే వేడి పెరిగి నాచు ముసురుకుంటుంది. నీటిలో కదలిక కూడా ఉండాలి. పగడం కదలలేదు కనుక ఆహారం తేవలసిందీ, మలినం తీసుకుపోవలసిందీ అలలే. ఒకేవైపు గట్టిగా తగిలే ధార కాక, దిశ మారుతూ ఉండే ప్రవాహం మేలు. పగడాల మధ్య ఒక జానెడు ఎడం ఉంచాలి. కొన్ని జాతులు రాత్రివేళ పొడవైన చేతులు చాచి పక్కవాటిని కుట్టి చంపుతాయి.

విద్యుత్తు పోతే రైతు ఏరేటర్ల కోసం జనరేటర్ వద్దకు పరుగెత్తుతాడు. తొట్టెలో కూడా పంపు ఆగిన కొన్ని గంటలలోనే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమ వారికి కరెంటు ఎన్ని రోజులు లేకుండా పోగలదో వేరే చెప్పనవసరం లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

ఇంట్లోవారి క్షేమం

పిల్లలున్న ఇంట్లో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. జోయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వీటిని తాకేటప్పుడు చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించాలి. చేతికి గాయం ఉంటే తొట్టెలో చేయి పెట్టకూడదు. ఇవి అంటుకున్న రాళ్లను శుభ్రం చేయాలని వేడినీటిలో మరిగించడం అన్నిటికంటే ప్రమాదకరం. ఆ ఆవిరి పీల్చి కుటుంబమంతా ఆస్పత్రి పాలైన ఘటనలు ఇతర దేశాలలో జరిగాయి. తొట్టె చుట్టూ నీరు చిందే చోట ప్లగ్గులు ఎత్తులో ఉండాలి. తీగ ప్లగ్గు కంటే కిందికి వంపుగా వేలాడితే, తీగ వెంట జారిన నీరు ప్లగ్గును చేరకుండా ఆ వంపులోనే రాలిపోతుంది.

మన వల్ల పగడాలకు కలిగే హాని కూడా ఉంది. చేపల జబ్బులకు వాడే రాగి కలిసిన మందులు పగడాలకు ప్రాణాంతకం. దోమల మందు, ఫినాయిల్, అగరొత్తుల పొగ ఉన్న గదిలో తొట్టె పెట్టకూడదు. అత్తరు, సబ్బు అంటిన చేతిని నీటిలో ముంచకూడదు.

ప్రాణిని బంధించినవాడి బాధ్యత

ప్రాణిని ఇంట్లో పెంచడం దోషమా? కాదు. చిన్నవాడైన అబూ ఉమైర్‌కు ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాడిని దాని గురించి ప్రేమగా పలకరించారని హదీసు గ్రంథాలలో ఉంది. పిట్టను పెంచుకోవడం, దానితో పిల్లలు ఆడుకోవడం సమ్మతమేనని పండితులు దీని నుండి గ్రహించారు. అయితే దానిని హింసించరాదు, ఆహారం ఆపరాదు అనే షరతు కూడా పెట్టారు. పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, తిరిగి తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని మరొక హదీసు హెచ్చరిస్తుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దారి స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లి ఆకలైతే అరుస్తుంది. పిట్ట రెక్కలు కొట్టుకుంటుంది. పగడం అరవదు, కదలదు. దాని బాధ రంగు మారడంలో, చేతులు ముడుచుకోవడంలో మాత్రమే కనిపిస్తుంది. మౌనంగా ఉండే ప్రాణి విషయంలో యజమాని బాధ్యత మరింత బరువైనది. ఆరు నెలలకు మళ్లీ గల్ఫ్ విమానం ఎక్కవలసినవాడు, వృద్ధులైన తల్లిదండ్రుల మీద ఈ భారం వదిలి వెళ్లడం అభిరుచి అనిపించుకోదు.

తొట్టె లేకుండా ప్రేమించే మార్గం

ముచ్చట తీరే మరో దారి ఉంది. కృత్రిమంగా తయారైన పగడాలు, పింగాణీ రాళ్లు పెట్టిన ఉప్పునీటి తొట్టెలో నారింజ చారల క్లౌన్ చేపలను పెంచవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వీటిని హేచరీలలో పుట్టించే పద్ధతిని అభివృద్ధి చేసింది. కనుక సముద్రం నుండి పట్టనవసరం లేని చేపలను అడిగి తీసుకోవచ్చు. వీటికి పగడం తోడు లేకపోయినా హాయిగా బ్రతుకుతాయి.

నిజమైన పగడాలను వాటి స్వస్థలంలో చూడడం అంతకంటే మేలు. గోదావరి ముఖద్వారంలో అవి పెరగవు. తీపినీరు, బురద రెండూ వాటికి గిట్టవు. అక్కడ కోరింగ మడ అడవులు ఉన్నాయి, ఒండ్రును పట్టి నిలపడం వాటి పని. ఉత్తరాన విశాఖ తీరంలోని రాళ్ల మీద కొన్ని గట్టి పగడాలు ఉన్నట్లు భారత జంతు సర్వేక్షణ శాస్త్రవేత్తలు గుర్తించారు. తెలుగువారు ఎందరో స్థిరపడిన అండమాన్‌లో అద్దపు అడుగు గల పడవల నుండి పగడాలను చూడవచ్చు. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో నరారా వద్ద సముద్రం వెనక్కు తగ్గినప్పుడు నడిచి వెళ్లి చూడవచ్చు. పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లే ఖర్చు చిల్లర్ యంత్రం ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

పగడం లేకపోతే ఏమవుతుందో తెలిపే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, కట్టడాల కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వారు. అలలను ఆపే గోడ పోయింది. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగిపోయాయి. 2001 నాటి నిషేధం తరువాత కొన్నేళ్లకు ఆ తవ్వకం ఆగింది.

మన సోదరులు అధికంగా నివసించే లక్షద్వీప్ దీవుల నేల మొత్తం పగడాలు కట్టినదే. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఇళ్లకు, మసీదులకు, మంచినీటి బావులకు చుట్టూ ఉన్న పగడపు దిబ్బే కోట. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. 2024లో మళ్లీ అదే జరిగింది. మామూలు వేసవి వేడికి ఒక్క డిగ్రీ అదనంగా చేరి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తెల్లబడడం మొదలవుతుంది. 200 లీటర్ల నీటిని చల్లగా ఉంచడానికి మనం ఇంత ప్రయాసపడవలసి వస్తే, సముద్రమంతటినీ ఏ తాపమూ తగలకుండా సమతూకంలో నిలిపిన ఏర్పాటు ఎంత గొప్పదో ఆలోచించండి. ఆ సమతూకాన్ని చెడగొడుతున్నది మనుషులమే.

కనుక అడిగిన యువకులకు నా జవాబు ఇది: గట్టి పగడాన్ని ఇంటికి తేవద్దు, చట్టం ఒప్పదు. ఎండిన ముక్కను కూడా పెట్టెలో పెట్టుకోవద్దు. సక్రమమైన మెత్తని పగడాన్ని పెంచదలచితే ముందు ఆరు నెలలు ఉప్పునీటిని మాత్రమే నడిపి చూడండి. వేసవినీ, ఒక తుఫాను కాలాన్నీ ఆ నీరు నిలకడగా దాటితే అప్పుడు ప్రాణిని గురించి ఆలోచించండి. దాటకపోతే, ఒక ప్రాణి మీ చేతిలో నలగకుండా మిగిలినందుకు కృతజ్ఞతలు చెల్లించండి.